జార్ ఉంది, కానీ క్లాస్ లేదట

"అక్కా, జార్ ఇక్కడే ఉంది కదా! మరి క్లాస్ లేదంటుందేంటి?"

గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి మా టీమ్ అమ్మాయి స్క్రీన్ షేర్ చేసి అడిగిన మాట ఇది. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలే అయింది. పొద్దున్నుంచీ ఆ ఒక్క బిల్డ్‌తోనే, అంటే రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా కట్టే పనితోనే, కుస్తీ పడుతోంది. స్క్రీన్‌కి ఎడమ పక్క ఫోల్డర్‌లో జార్ ఫైల్, అంటే జావా క్లాసులను (ప్రోగ్రామ్ ముక్కలను) మూటకట్టిన ఫైల్, స్పష్టంగా కనిపిస్తోంది. కుడి పక్క టెర్మినల్‌లో, బిల్డ్ నడిపే యాంట్ అనే టూల్ మాత్రం ఆ క్లాస్ దొరకలేదనే అంటోంది. తను ఇంకా అన్నం తినలేదని గొంతు వింటేనే తెలిసిపోయింది. ముందు తినేసి రమ్మని పంపించాను.

నేను కొత్తగా చేరినప్పుడు ఇదే ప్రశ్న అడిగితే "ఇంకో జార్ వేసి చూడు" అన్నారు. వేశాను. ఎర్రర్ పోయింది. ఎందుకు పోయిందో తెలియదు కాబట్టి మూడు నెలలకు మళ్లీ వచ్చింది. ఈ అమ్మాయికి అలా కాకూడదనిపించింది. ఆ రాత్రీ, మర్నాడూ మేమిద్దరం కూర్చుని ఏం చూశామో, ఏం మార్చామో ఇక్కడ రాసి పెడుతున్నాను. పాత జావా బిల్డులను కొత్త జేడీకే (జావా డెవలపర్ల కిట్) మీదకి తెచ్చే పని చాలామంది నెత్తిన ఉంది. ఎవరికైనా ఒక రోజు మిగిలినా నాకు సంతోషమే.

ముందు సంగతేమిటో చెప్తాను. మాది బ్యాంకుల నుంచి వచ్చే స్టేట్‌మెంట్ ఫైళ్లు చదివే అప్లికేషన్. ఐఎస్ఓ 20022 ప్రమాణంలో క్యామ్ట్ 053 అనే ఎక్స్ఎంఎల్ మెసేజ్ ఉంటుంది, బ్యాంకు ఖాతాదారుకి పంపే స్టేట్‌మెంట్ అన్నమాట. ఆ ఎక్స్ఎంఎల్ ఎలా ఉండాలో చెప్పే స్కీమా ఫైళ్ల నుంచి జావా క్లాసులను మేం చేత్తో రాయం. ఎక్స్‌జేసీ అనే టూల్ రాసి పెడుతుంది. ఆ టూల్‌ని పిలిచేది ఒక యాంట్ బిల్డ్ ఫైల్. 2011లో రాశారు. రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. ఇన్నేళ్లూ దాన్ని ఎవరూ ముట్టుకోవాల్సిన అవసరం రాలేదంటే వాళ్లు పని బాగా చేశారనే అర్థం. ఇప్పుడు సర్వర్లన్నీ జావా 8 నుంచి 17కి మారుస్తున్నాం. అక్కడ మొదలైంది.

మొదటి దెబ్బ ఊహించిందే. జావా 8 వరకూ ఎక్స్‌జేసీ జేడీకేతో పాటే వచ్చేది, బిన్ ఫోల్డర్‌లో ఉండేది. ఎక్స్ఎంఎల్‌ని జావా క్లాసుల్లోకి చదివే జాక్స్‌బీ లైబ్రరీ కూడా అందులోనే. జావా 9లో వాటికి "తీసేయబోతున్నాం" అని ముద్ర వేశారు. 2018 సెప్టెంబర్‌లో వచ్చిన జావా 11లో నిజంగానే తీసేశారు. జేఈపీ 320 (జావా మార్పుల ప్రతిపాదనల్లో ఒకటి) అని వెతికితే ఆ నిర్ణయం మొత్తం చదవొచ్చు. మేం 9, 10, 11 ఏవీ చూడకుండా నేరుగా 17కి దూకాం కాబట్టి అన్ని మార్పులూ ఒకేసారి మీద పడ్డాయి. స్క్రిప్ట్‌లో పాతకాలపు ఎండార్స్‌డ్ ఫోల్డర్ సెట్టింగ్ ఒకటి ఉంటే, దాన్ని చూసి జేవీఎం (జావా ప్రోగ్రామ్‌లను నడిపే ఇంజిన్) అసలు మొదలవనే లేదు. ఆ లైన్ తీసేశాం, అది అంతటితో సరి.

ఇక అసలు గొడవ. ఎక్స్‌జేసీ లేదు కాబట్టి ఆ అమ్మాయి జావా జార్లు దొరికే మేవెన్ సెంట్రల్ అనే సైట్ నుంచి దాని జార్ దింపి లిబ్ ఫోల్డర్‌లో పెట్టింది. నడిపితే ఇంకో క్లాస్ లేదంది. ఆ క్లాస్ పేరు నెట్‌లో వెతికి, అది ఏ జార్‌లో ఉందో కనుక్కుని, అదీ దింపింది. మళ్లీ ఇంకోటి. సాయంత్రానికి పదకొండు జార్లు పోగయ్యాయి. కొన్ని 2.3 వెర్షన్‌వి, కొన్ని 4.0వి. కొన్ని గ్లాస్‌ఫిష్ పేరుతో వచ్చే విడివిడి జార్లు. రెండు మాత్రం సన్ పేరుతో వచ్చేవి, అంటే చిన్న జార్లలోని క్లాసులనే లోపల కలిపేసి పెట్టిన పెద్ద జార్లు. ఒకే క్లాస్ మూడు చోట్ల, రెండు వెర్షన్లలో ఉందన్నమాట.

తను చేసింది తప్పని నేను అనను. ఎర్రర్ ఒక క్లాస్ పేరు చెప్తే దాన్ని తెచ్చి పెట్టడం ఎవరికైనా తోచే పనే. కానీ జేవీఎం ప్రతిసారీ ఒక్క పేరే చెప్తుంది, ఏ వెర్షన్ కావాలో చెప్పదు. పైగా ఒకే క్లాస్ రెండు జార్లలో ఉంటే క్లాస్‌పాత్‌లో (క్లాసుల కోసం వెతికే చోట్ల జాబితాలో) ముందున్నదే తీసుకుంటుంది, రెండోది ఉందని మాటవరసకైనా అనదు. యాంట్‌లో ఫోల్డర్ మొత్తాన్ని ఫైల్‌సెట్‌గా ఇచ్చినా, జావా కమాండ్‌లో నక్షత్రం గుర్తు పెట్టి ఇచ్చినా జార్లు ఏ వరుసలో వస్తాయో హామీ లేదు. తన విండోస్ ల్యాప్‌టాప్‌లో ఒక ఎర్రర్, లినక్స్ బిల్డ్ మెషీన్‌లో ఇంకో ఎర్రర్ రావడానికి అదొక కారణం. టెన్షన్ రాక ఏమవుతుంది!

తను తినేసి వచ్చాక నేను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "క్లాస్‌పాత్‌లో వేశానంటున్నావు, ఎవరి క్లాస్‌పాత్‌లో అమ్మా?"

తను కాసేపు మాట్లాడలేదు. నిజానికి అంతా అక్కడే ఉంది. జార్ డిస్క్ మీద ఉండటం వేరు, వెతుకుతున్న లోడర్‌కి (క్లాసులను తెచ్చి ఎక్కించే భాగానికి) కనబడటం వేరు. మా బిల్డ్‌లో ముగ్గురు వెతుకుతున్నారు. యాంట్ తను నడవడానికి వాడుకునే జేవీఎం క్లాస్‌పాత్ ఒకటి. ఎక్స్‌జేసీ టాస్క్‌ని పరిచయం చేసే టాస్క్‌డెఫ్ లైన్‌కి ఇచ్చిన పాత్ రెండోది. టూల్ పుట్టించిన కోడ్‌ని కంపైల్ చేసేటప్పుడు జావాసీకి (జావా కంపైలర్‌కి) ఇచ్చే పాత్ మూడోది. లిబ్ ఫోల్డర్‌లో జార్ పడేసినంత మాత్రాన ఈ ముగ్గురిలో ఎవరికీ తెలియదు, ఎవరో ఒకరి పాత్‌లో రాస్తే తప్ప.

టాస్క్‌డెఫ్ పాత్‌లో రాసి ఉంది కదా, మరి ఎందుకు దొరకలేదు? యాంట్‌ని వెర్బోస్‌గా, అంటే మైనస్ వీ పెట్టి నడపమన్నాను. రెండొందల లైన్లు పరిగెత్తాయి. మధ్యలో ఒక లైన్ దగ్గర ఆపించాను. ఫలానా జార్ ఫైల్ లేదు కాబట్టి పాత్ నుంచి తీసేస్తున్నాను అని యాంట్ చెప్తోంది. "డ్రాపింగ్" అనే మాటతో మొదలయ్యే లైన్ అది. మామూలుగా నడిపితే ఈ లైన్ కనబడదు. పాత్‌లో రాసిన జార్ డిస్క్ మీద లేకపోతే యాంట్ దాన్ని చప్పుడు చేయకుండా వదిలేసి ముందుకు పోతుంది. ఎర్రర్ వచ్చేది ఆ తర్వాత ఎక్కడో, వేరే మాటలతో.

ఫైల్ ఉంది కదా మరి? ఉంది, "లిబ్" ఫోల్డర్‌లో. బిల్డ్ ఫైల్‌లో మాత్రం "లిబ్" మొదటి అక్షరం పెద్దబడిలో ఉంది. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. తను చూపిస్తున్న ఫోల్డర్ ల్యాప్‌టాప్‌లోది, ఎర్రర్ వస్తున్నది బిల్డ్ మెషీన్‌లో. ఒక్క అక్షరం! తను "అయ్యో" అని తల పట్టుకుంది. నాకైతే జాలేసింది. ఒక్క హెచ్చరిక మామూలుగానే చూపించి ఉంటే ఒక మనిషి రోజు మిగిలేది. యాంట్ మీద నాకు ఎంత అభిమానం ఉన్నా, ఈ మౌనం మాత్రం నాకు నచ్చదు.

అక్షరం సరిచేశాం. టాస్క్ దొరికింది. ఈసారి ఎర్రర్ మారింది: ఫలానా మెథడ్ (క్లాస్ లోపలి ఫంక్షన్) లేదట. ఈ ఎర్రర్ల మధ్య తేడా తెలిస్తే సగం పని అయినట్టే, అందుకని ఇక్కడ కాస్త ఆగుతాను. క్లాస్ నాట్ ఫౌండ్ అంటే ఎవరో పేరు పెట్టి అడిగారు, ఆ లోడర్‌కి దొరకలేదు. నో క్లాస్ డెఫ్ ఫౌండ్ అంటే కంపైల్ చేసినప్పుడున్న క్లాస్ నడిచేటప్పుడు లేదు. ఒక్కోసారి క్లాస్ ఉన్నా దాని స్టాటిక్ బ్లాక్ (క్లాస్ మొదటిసారి వాడినప్పుడు నడిచే కోడ్) అంతకుముందే ఫెయిల్ అయి ఉంటుంది, కాబట్టి లాగ్‌లో పైకి వెళ్లి మొదటి ఎర్రర్ చూడాలి. నో సచ్ మెథడ్ అంటే క్లాస్ దొరికింది, కానీ వేరే వెర్షన్‌ది దొరికింది. ఇది వస్తే జార్లు కలపడం ఆపేసి తీసేయడం మొదలుపెట్టాలి. అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ అంటే జార్ కొత్త జావాకి కట్టింది, నడుపుతున్నది పాత జావా. అందులో వచ్చే 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17.

మాకు వచ్చింది నో సచ్ మెథడ్. కాబట్టి క్లాస్ ఎక్కడి నుంచో వస్తోంది. ఎక్కడి నుంచి? ఊహించడం నాకిష్టం లేదు, అడగడానికి దారులున్నాయి. యాంట్‌లో విచ్‌రిసోర్స్ అనే టాస్క్ ఉంది. క్లాస్ పేరు, పాత్ ఇస్తే అది ఏ జార్‌లో దొరికిందో చెప్తుంది. ఇంత పనికొచ్చే టాస్క్ సంగతి చాలామందికి తెలియదు. మేం దాన్ని వాడితే మా పాత్‌లోని జార్ పేరే చూపించింది. అంటే మా పాత్ బాగానే ఉంది, కానీ నడిచేటప్పుడు వేరే వాళ్లు ముందు అందిస్తున్నారు. అప్పుడు యాంట్ ఆప్ట్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో మైనస్ వెర్బోస్ క్లాస్ పెట్టి నడిపాం. ఇలా పెడితే జేవీఎం ప్రతి క్లాస్‌నీ ఎక్కడి నుంచి ఎత్తుకుందో ఒక్కో లైన్‌గా రాస్తుంది. వేల లైన్లు వస్తాయి, ఫైల్‌లోకి మళ్లించి వెతుక్కోవాలి.

దొరికింది. ఆ క్లాస్ వస్తున్నది ఆ మెషీన్‌లో ఏదో మూల ఫోల్డర్‌లో ఉన్న ఒక పాత జాక్స్‌బీ జార్ నుంచి. మా ప్రాజెక్టుకి సంబంధమే లేదు. చాలా ఏళ్ల కిందట ఎవరో వేరే పని కోసం ఆ యూజర్ ప్రొఫైల్‌లో క్లాస్‌పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి వదిలేశారు. యాంట్ మొదలయ్యేటప్పుడు దాన్ని కూడా తనతో తీసుకుంటుంది. టాస్క్‌డెఫ్ లోడర్ ఏ క్లాస్ కావాలన్నా ముందు పై లోడర్‌నే అడుగుతుంది, అక్కడ దొరక్కపోతేనే మన పాత్ చూస్తుంది. కాబట్టి మనం ఎంత జాగ్రత్తగా పాత్ రాసుకున్నా పైన కూర్చున్న పాత జార్‌దే పెద్దరికం. నోక్లాస్‌పాత్ అనే ఆప్షన్ ఇచ్చి నడిపితే ఎర్రర్ పోయింది. అప్పటికి పన్నెండు దాటింది. "ఇప్పుడు ఎందుకు పోయిందో తెలుసు కదా, పడుకో" అన్నాను.

మర్నాడు పొద్దున్నే కూర్చున్నాం. కోడ్ జనరేట్ అవుతోంది, కంపైల్ మాత్రం అవడం లేదు. పుట్టిన ప్రతి ఫైల్‌లో ఇంపోర్ట్ లైన్లు జకార్తా అని మొదలవుతున్నాయి, మా పాత కోడ్ అంతా జావాఎక్స్ అని ఉంది. ఇది తెలిసిన కథే. జావా ఈఈ (పెద్ద సంస్థల అప్లికేషన్ల కోసం ఉన్న జావా ప్రమాణాలు) ఎక్లిప్స్ ఫౌండేషన్ చేతికి వచ్చాక, 2020 డిసెంబర్‌లో వచ్చిన జకార్తా ఈఈ 9లో ప్యాకేజీ పేర్లన్నీ జావాఎక్స్ నుంచి జకార్తాకి మారాయి. జాక్స్‌బీ 3.0 నుంచి అంతా జకార్తా. తను తెచ్చిన ఎక్స్‌జేసీ 4.0ది, అది తనకు తెలిసిన పేర్లతోనే కోడ్ రాసింది.

అప్పుడు తను ఒక మంచి ప్రశ్న వేసింది. "కానీ అక్కా, కంపైల్ పాత్‌లో నేను జకార్తా జారే పెట్టానుగా. పేరులోనే జకార్తా అని ఉంది చూడండి." నిజమే, ఏపీఐ జార్ (మన కోడ్ పిలిచే క్లాసులున్నది) పేరు జకార్తా అనే ఉంది, వెర్షన్ 2.3.3. జార్ కమాండ్‌తో లోపలి లిస్టు తీసి చూపించాను. లోపల అన్నీ జావాఎక్స్ ఫోల్డర్లే. ఆ వెర్షన్‌కి జార్ పేరు మారింది గానీ లోపలి ప్యాకేజీ పేర్లు ఇంకా మారలేదు, అవి మారింది 3.0లో. సీసా మీద లేబుల్ ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి. అప్పటి నుంచి తను ఏ జార్ తెచ్చినా ముందు విప్పి చూస్తోంది. ఆ అలవాటు నాకు చాలా నచ్చింది.

2.3కి దిగాలా, 4.0కి ఎక్కాలా? మేం వాడే మిగతా లైబ్రరీలు కొన్ని ఇంకా జావాఎక్స్ మీదే ఉన్నాయి. కాబట్టి ఇప్పటికి ఎక్స్‌జేసీ, ఏపీఐ, రన్‌టైమ్ (నడిచేటప్పుడు అసలు పని చేసే జార్లు) మూడూ 2.3కే కట్టాం. మూడూ ఒకే వరుసలో ఉండటమే ముఖ్యం. యాంట్‌లర్ అనే పార్సర్ టూల్ ఈ విషయంలో ఎంతో మర్యాదగా ఉంటుంది: కోడ్ పుట్టించిన టూల్ వెర్షన్, నడిపే రన్‌టైమ్ వెర్షన్ కలవకపోతే రెండు నంబర్లూ చెప్పి మరీ హెచ్చరిస్తుంది. అన్ని టూళ్లూ అలా చెప్తే ఎంత బాగుండు.

ఇక అసలు మరమ్మతు. మాది చీరాల, తాతయ్య గుంట మగ్గం మీద నేసేవారు. మగ్గానికి చెక్క, తాళ్లు, నాడె కావాలి. చీరకి పడుగు, పేక కావాలి. చీర అమ్మేటప్పుడు ఎవరూ మగ్గం ముక్క చుట్టి ఇవ్వరు కదా! మా బిల్డ్‌లో జరుగుతున్నది అదే. ఒకే లిబ్ ఫోల్డర్, ఒకే పాత్, దానితోనే కోడ్ పుట్టించడం, దానితోనే కంపైల్, దాన్నే వార్ ఫైల్‌లో కట్టి సర్వర్‌కి పంపడం. కోడ్ పుట్టించే టూల్ తాలూకు జార్లు ప్రొడక్షన్ సర్వర్‌లో కూర్చుని ఏం చేస్తాయి? ఏదో ఒక రోజు వెర్షన్ గొడవ పెడతాయి, అంతే. ఇది చెప్తే తనకి వెంటనే అర్థమైంది. "అయితే మగ్గం ఫోల్డర్ వేరే పెడదాం అక్కా" అంది.

పెట్టాం. జెన్ పాత్ అని ఒకటి, అందులో ఎక్స్‌జేసీకి కావాల్సినవి మాత్రమే. యాప్ పాత్ అని ఒకటి, అందులో ఏపీఐ, రన్‌టైమ్, మా అప్లికేషన్‌కి కావాల్సినవి. ఏపీఐ రెండింటిలోనూ ఉంటుంది, అదేం తప్పు కాదు, వెర్షన్ ఒకటే కాబట్టి. జార్లను ఒక్కొక్కటిగా దింపే పని మానేశాం. ఎక్స్‌జేసీ ఒక్కటే డిపెండెన్సీగా (కావాల్సిన లైబ్రరీగా) చిన్న పామ్ ఫైల్ రాసి, దాన్ని చదివే మేవెన్ అనే బిల్డ్ టూల్ చేత కాపీ డిపెండెన్సీస్ చేయిస్తే దానికి కావాల్సిన జార్లన్నీ, ఒకదానికొకటి సరిపడే వెర్షన్లలో, ఒక ఫోల్డర్‌లోకి వచ్చి పడ్డాయి. పొద్దంతా పట్టిన పని రెండు నిమిషాల్లో అయిపోయింది.

టాస్క్‌డెఫ్ కూడా తీసేశాం. దాని బదులు యాంట్ జావా టాస్క్‌తో ఎక్స్‌జేసీ డ్రైవర్ క్లాస్‌ని నేరుగా పిలుస్తున్నాం, ఫోర్క్ ట్రూ పెట్టి. ఫోర్క్ చేస్తే కొత్త జేవీఎం మొదలవుతుంది. దానికి మనం ఇచ్చిన పాత్ తప్ప యాంట్ జార్లు గానీ, ప్రొఫైల్‌లో ఎవరో వదిలేసిన వేరియబుల్ గానీ కనబడవు. కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, నాకు అభ్యంతరం లేదు. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు: ఫెయిల్ ఆన్ ఎర్రర్ ట్రూ అని రాయాలి. మామూలుగా అది ఫాల్స్. రాయకపోతే టూల్ పడిపోయినా యాంట్ బిల్డ్ సక్సెస్‌ఫుల్ అంటుంది, పాత ఫైళ్లతోనే కంపైల్ అయిపోతుంది. మేం కావాలనే స్కీమా ఫైల్ పేరు తప్పుగా ఇచ్చి ఒకసారి పడగొట్టి, బిల్డ్ ఆగుతోందో లేదో చూసుకున్నాం. జనరేట్ చేసే ముందు ఆ ఫోల్డర్‌ని పూర్తిగా తుడిచే లైన్ కూడా వేశాం. లేకపోతే స్కీమాలో తీసేసిన టైపుల క్లాసులు ఏళ్ల తరబడి అక్కడే పడి ఉంటాయి.

చివరగా పాత్‌కన్వర్ట్ టాస్క్‌తో రెండు పాత్‌లనూ లైన్‌కి ఒక జార్ చొప్పున లాగ్‌లో రాయిస్తున్నాం, ప్రతి బిల్డ్‌కీ. లాగ్ పొడుగవుతుందని ఒకరు అభ్యంతరం చెప్పారు. అవనీ. నిన్న నడిచి ఇవాళ నడవకపోతే రెండు లాగ్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఏ జార్ మారిందో తెలిసిపోతుంది.

మీది యాంట్ కాకపోయినా సంగతి ఇంతే, పేర్లు మారతాయి. గ్రేడిల్ అనే బిల్డ్ టూల్‌లో బిల్డ్‌స్క్రిప్ట్ బ్లాక్‌లో రాసినవి బిల్డ్‌కే, ఇంప్లిమెంటేషన్‌లో రాసినవి మీ కోడ్‌కే. జనరేటర్‌కి సొంతంగా ఒక కాన్ఫిగరేషన్ తీసి, జావాఎగ్జెక్ టాస్క్‌కి అదే క్లాస్‌పాత్‌గా ఇవ్వండి. మేవెన్‌లో ప్లగిన్‌కి కావాల్సిన జార్ ప్లగిన్ లోపలి డిపెండెన్సీస్‌లో రాయాలి, ప్రాజెక్ట్ డిపెండెన్సీగా రాస్తే ప్లగిన్‌కి కనబడదు. యానొటేషన్ ప్రాసెసర్లదీ (కోడ్‌లోని గుర్తులు చూసి కంపైల్ అప్పుడు పనిచేసే టూళ్లదీ) ఇదే దారి. గ్రేడిల్ 5 నుంచి కంపైల్ క్లాస్‌పాత్‌లో ఉన్న ప్రాసెసర్లను పట్టించుకోవడం మానేసింది, విడిగా యానొటేషన్ ప్రాసెసర్ కింద రాయాలి. జావా 23 నుంచి జావాసీ కూడా ఊరికే క్లాస్‌పాత్‌లో ఉన్నంత మాత్రాన వాటిని నడపదు. అందరూ నెమ్మదిగా మగ్గాన్నీ చీరనీ వేరు చేస్తున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి లినక్స్ మెషీన్‌లో బిల్డ్ మొదటి నుంచి చివరి దాకా నడిచింది. వార్ ఫైల్ విప్పి చూస్తే ఎక్స్‌జేసీ తాలూకు జార్ ఒక్కటీ లేదు. ప్రొఫైల్‌లోని ఆ పాత వేరియబుల్‌ని ఇంకెవరైనా వాడుతున్నారేమోనని అడుగుతూ తను అన్ని టీమ్‌లకూ మెయిల్ పెట్టింది. ఎవరూ వాడటం లేదు. సోమవారం తీసేశారు.

ఇంకా ఒక పని ఉంది. మిగతా లైబ్రరీలు జకార్తాకి వచ్చాక మేమూ 4.0కి ఎక్కాలి. దానికోసం వెర్షన్ నంబర్‌ని ప్రాపర్టీస్ ఫైల్‌లో ఒకే ఒక్క చోట రాసి పెట్టాం. పామ్ ఫైల్, జెన్ పాత్, యాప్ పాత్ అన్నీ అక్కడి నుంచే తీసుకుంటాయి. ఆ లైన్ పక్కన తను తెలుగులోనే ఒక కామెంట్ రాసింది: "ఇది మారిస్తే మూడు చోట్లా మారుతుంది, జార్ విప్పి చూసి మార్చండి."